కాలిఫోర్నియాలో చేతి నొప్పి క్లెయిమ్: ఒకేసారి డబ్బు తీసుకోవాలా, వైద్యం హక్కు ఉంచుకోవాలా?

లాయర్ ఆఫీసు నుంచి ఆ మెయిల్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటికి నా కుడి చేతికి ఆపరేషన్ అయి పది నెలలు. గరిటె పట్టుకుంటే ఇంకా జారిపోయేది. ఎడమ చేతిలో కూడా అదే మొదలైంది. రాత్రి రెండింటికి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ మొద్దుబారి మెలకువ వచ్చేది. చెయ్యి విదిలించుకుంటూ మంచం మీద కూర్చునేదాన్ని. మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో తొమ్మిదేళ్లు కీబోర్డు, మౌసు పట్టుకుని కూర్చున్నందుకు వచ్చిన కార్పల్ టన్నెల్ అది, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోవడం.

మెయిల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తామన్న అంకె ఉంది: 20,000 డాలర్లు. కింద ఒక వాక్యం, "సి అండ్ ఆర్ కావాలా, స్టిప్ కావాలా, వారంలో చెప్పండి" అని. ఆ రెండు మాటలకూ అర్థం నాకు తెలియదు. ఇంట్లో వాళ్లు, తెలిసిన వాళ్లు అందరూ ఒకటే మాట: "ఇరవై వేలు వస్తుంటే ఆలోచన ఎందుకు, తీసేసుకో." తెలుగులో విడమరిచి చెప్పే మనిషి ఒక్కరూ దొరకలేదు. ఈ నాలుగేళ్లలో నాలాంటి వాళ్లు ఏడెనిమిది మంది నన్ను ఇదే అడిగారు. వాళ్లందరికీ ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను. ఇదంతా కాలిఫోర్నియా చట్టం గురించే. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే వాళ్లకు లెక్కలు వేరు, దారులూ వేరు.

ముందుగా రెండు మాటలు

పని వల్ల దెబ్బ తగిలితే యజమాని ఇన్సూరెన్స్ నుంచి వైద్యం, డబ్బు ఇచ్చే పద్ధతిని వర్కర్స్ కాంపెన్సేషన్ అంటారు. ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న లేదు. పని వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే చూస్తారు. మెట్ల మీద నుంచి పడితేనే దెబ్బ అనుకోవద్దు. ఒకే కదలిక నెలలు, ఏళ్ల తరబడి చేసి మణికట్టు, మోచెయ్యి, భుజం పాడైనా ఇక్కడి చట్టంలో అది దెబ్బే. దాన్ని క్యుములేటివ్ ట్రామా అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకే వస్తుందనీ అనుకోవద్దు. ఇండియన్ రెస్టారెంటులో పొద్దుటి నుంచి రాత్రి దాకా దోసెలు పోసే చేతికీ, బస్తాల కొద్దీ ఉల్లిపాయలు తరిగే చేతికీ, సరుకుల కొట్లో రోజంతా స్కాన్ చేసే చేతికీ వస్తుంది. వీసా ఏదైనా, అసలు వీసా లేకపోయినా, ఉద్యోగి ఉద్యోగే అని ఇక్కడి లేబర్ కోడ్ చెబుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక భయపడి ఊరుకున్న వాళ్లను చూశాను. బాధేస్తుంది.

పని వల్లే అని తెలిసిన 30 రోజుల్లోపు యజమానికి చెప్పాలి. చెప్పాక ఒక్క పనిదినంలో డీడబ్ల్యూసీ-1 అనే క్లెయిమ్ ఫారం మీ చేతికి ఇవ్వాలి. నాకు మా మేనేజరు మూడు వారాలు తిప్పించి ఇచ్చాడు. మీరు అలా ఆగకండి, ఆ ఫారం రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. అది నింపి ఇచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి 90 రోజుల గడువు. ఈలోపు తిరస్కరించకపోతే ఆ దెబ్బ పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. వాళ్లు తేల్చేదాకా 10,000 డాలర్ల వరకు వైద్యం చేయించాలి.

సెటిల్మెంట్ మాట ఎప్పుడు వస్తుందంటే, డాక్టరు మీ చెయ్యి ఇక పెద్దగా మెరుగుపడదు, దిగజారదు అని రాసినప్పుడు. దీన్ని పర్మనెంట్ అండ్ స్టేషనరీ అంటారు. అంతకుముందే ఎవరైనా అంకె చెబితే తొందరపడకండి. ఇంకా ఉడుకుతున్న అన్నానికి ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టే అది.

రెండు దారులు

మొదటిది కాంప్రమైజ్ అండ్ రిలీజ్, అందరూ సి అండ్ ఆర్ అంటారు. ఒకేసారి మొత్తం డబ్బు ఇస్తారు, కేసు మూసేస్తారు. భవిష్యత్తు వైద్యం కూడా దాదాపు ఎప్పుడూ ఇందులోనే కలిసి మూసుకుపోతుంది. రేపు చెయ్యి మళ్లీ పాడైతే ఖర్చు మీదే. తిరిగి తెరవడం కుదరదు.

రెండోది స్టిప్యులేషన్స్ విత్ రిక్వెస్ట్ ఫర్ అవార్డ్. స్టిప్ అంటారు. మీ వైకల్యం ఎంత శాతమో ఇద్దరూ ఒప్పుకుంటారు, దానికి వచ్చే డబ్బు రెండు వారాలకోసారి చెక్కుగా వస్తుంది. ఆ దెబ్బకు కావలసిన వైద్యం ఇక ముందు కూడా ఇన్సూరెన్స్ కంపెనీ భరించాలి. దానికి ఇన్నేళ్లనే గడువు లేదు.

ఏ దారైనా వర్కర్స్ కాంప్ జడ్జి చూసి ఆమోదించాలి. ఆమోదం లేకుండా మీరూ, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కేసు చూసే అడ్జస్టరూ పెట్టుకున్న సంతకాలు చెల్లవు. మూడో దారి కూడా ఉంది, ఏ ఒప్పందం లేకుండా విచారణకు వెళ్లి జడ్జి చేత తేల్పించుకోవడం. అసలు దెబ్బ పని వల్ల కాదని వాళ్లు పట్టుబట్టినప్పుడు, లేదా శాతం మీద పెద్ద తేడా ఉన్నప్పుడు అదే మిగులుతుంది. దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఇది తెలియకపోతే రెండు దారులనూ పోల్చలేరు. అందుకని నా లెక్కే చెబుతాను.

క్యూఎంఈ అనే డాక్టరు నన్ను పరీక్షించారు. రాష్ట్రం గుర్తించిన డాక్టర్ల జాబితా నుంచి వచ్చే వాళ్లు వీళ్లు. వేళ్ల స్పర్శ, పట్టు బలం, నరాల పరీక్ష చూసి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గైడ్ ఐదో ఎడిషన్ ప్రకారం ఒక అంకె వేశారు. 2013 నుంచి జరిగిన దెబ్బలకు ఆ అంకెను 1.4 తో హెచ్చిస్తారు. తర్వాత చేసే పనినీ వయసునూ బట్టి సవరిస్తారు. అన్నీ అయ్యాక రెండు చేతులకూ కలిపి నాకు 16 శాతం తేలింది.

అక్కడే ఒక కోత ఉంది. నాకు థైరాయిడ్ తక్కువ. కార్పల్ టన్నెల్‌కు థైరాయిడ్, షుగర్, గర్భం కూడా కారణాలు కాగలవు. కాబట్టి నాలుగో వంతు థైరాయిడ్ వల్ల, మూడు వంతులు పని వల్ల అని డాక్టరు రాశారు. దీన్ని అపోర్షన్‌మెంట్ అంటారు. 16 కాస్తా 12 అయింది. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు అరుదు కదా, అందుకని మన వాళ్లకు ఈ కోత తరచుగా తగులుతుంది. "షుగర్ ఉంది కాబట్టి సగం దానివల్ల" అని ఊరికే రాస్తే చాలదు. ఎందుకు, ఎలా అనేది డాక్టరు వివరించాలి. వివరణ లేకపోతే మీ లాయర్ దాన్ని ప్రశ్నించవచ్చు. రిపోర్టు వచ్చాక ముందు చదవాల్సిన పేజీ ఇదే.

12 శాతానికి చట్టంలో 38.25 వారాలు. వారానికి గరిష్ఠంగా 290 డాలర్లు. 2014 నుంచి జరిగిన దెబ్బలకు ఈ పరిమితి. ఏడాదికి లక్షన్నర డాలర్లు సంపాదించే ఇంజనీరుకూ, హోటల్లో పనిచేసే తమ్ముడికీ ఇదే పైకప్పు. గుణిస్తే 11,092.50 డాలర్లు. నొప్పికీ, పోయిన నిద్రకూ, పిల్లను ఎత్తుకోలేని బాధకూ ఈ చట్టంలో వేరే డబ్బు లేదు. అది తెలిసినప్పుడు నేను ఏడ్చాను. శాతం పెరిగే కొద్దీ వారాలు వేగంగా పెరుగుతాయి. 15 శాతానికి 50.5 వారాలు, 20 శాతానికి 75.5 వారాలు. అందుకే 12కీ 16కీ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు 20,000 నుంచి 11,092.50 తీసేయండి. 8,907.50 మిగిలింది. నా రెండు చేతులకు ఇకముందు కావలసిన మొత్తం వైద్యానికి వాళ్లు కట్టిన వెల అది.

ఇంకా ఉంది. లాయర్ ఫీజు మామూలుగా 9 నుంచి 15 శాతం, దాన్ని కూడా జడ్జే ఆమోదిస్తారు. నాది 15 శాతం. సి అండ్ ఆర్‌లో మొత్తం 20,000 మీద 3,000 పోయి 17,000 మిగులుతుంది. స్టిప్‌లో 11,092.50 మీద మాత్రమే ఫీజు, అంటే సుమారు 1,664 పోయి 9,428 చిల్లర మిగులుతుంది. రెండింటి మధ్య నా చేతికి వచ్చే తేడా 7,571 డాలర్లు. కాగితం మీద ఈ అంకె రాసుకున్నాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. అందరూ ఇరవై వేలు, ఇరవై వేలు అంటున్నారు. నిజానికి నేను ఎంచుకోవలసింది ఏడున్నర వేలకూ, ఇంకో ఆపరేషన్ వస్తే దాని ఖర్చుకూ మధ్య.

మరో సంగతి. వైకల్యం డబ్బులో కొంత అప్పటికే అడ్వాన్సుగా వచ్చింది, 14 వారాలకు 4,060 డాలర్లు. ఏ దారిలోనైనా అది తీసేసుకునే ఇస్తారు. కాబట్టి 20,000 అన్న చెక్కు నిజంగా వచ్చేసరికి 12,940. ఈ లెక్క ముందే అడగకపోతే ఆ రోజు గుండె జారిపోతుంది. "అడ్వాన్సులూ ఫీజూ లీనులూ పోగా నా చేతికి ఎంత?" అని మెయిల్లో అడిగి, జవాబు కూడా మెయిల్లోనే తెప్పించుకోండి.

లీను అంటే మీ సెటిల్మెంట్ మీద వేరే వాళ్ల హక్కు. క్లెయిమ్ నలుగుతున్నప్పుడు ఈడీడీ అనే రాష్ట్ర ఉపాధి శాఖ నుంచి స్టేట్ డిసెబిలిటీ డబ్బు తీసుకుని ఉంటే వాళ్లు దాన్ని తిరిగి అడుగుతారు. ఆ లీను ఎవరు తీర్చాలో పత్రంలో రాసి ఉండాలి.

స్టిప్‌లో ఉన్న సుఖం, దానిలోని కష్టం

నేను స్టిప్ తీసుకున్నాను. రెండేళ్ల తర్వాత ఎడమ చేతికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ భరించింది. ఆ తర్వాత హ్యాండ్ థెరపీ, రాత్రి కట్టుకునే స్ప్లింట్, అన్నీ. నా జేబు నుంచి ఒక్క డాలరు పోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చిన మైళ్లకు కూడా డబ్బు ఇచ్చారు.

అయితే ఇదంతా తేలిగ్గా జరిగిందని చెబితే అబద్ధం. ప్రతి చికిత్సకూ డాక్టరు ముందుగా అనుమతి అడగాలి. యుటిలైజేషన్ రివ్యూ అని, మిమ్మల్ని ఎన్నడూ చూడని వేరే డాక్టరు కాగితాలు చూసి అవసరమా కాదా అని తేలుస్తారు. నా ఆపరేషన్‌ను మొదటిసారి కాదన్నారు. నరాల పరీక్ష పాతది అన్నారు. మళ్లీ పరీక్ష చేయించి, స్ప్లింటూ మందులూ వాడినా తగ్గలేదని మా డాక్టరు వివరంగా రాసి పంపితే ఒప్పుకున్నారు. మూడు నెలలు అలా పోయాయి. కాదన్న ఉత్తరం వస్తే 30 రోజుల్లోపు ఐఎంఆర్ అనే స్వతంత్ర సమీక్ష అడగవచ్చు. దానికి మీరు ఏమీ కట్టక్కర్లేదు. కానీ ఆ 30 రోజులు దాటిపోతే ఆ సమీక్ష అడిగే వీలు పోతుంది. కాబట్టి స్టిప్ తీసుకున్న వాళ్లు పోస్టు డబ్బాను ప్రతిరోజూ చూసుకోవాలి, ఇల్లు మారితే కొత్త చిరునామా వెంటనే చెప్పాలి. డాక్టరును కూడా చాలా సార్లు వాళ్ల నెట్‌వర్క్‌లోనే ఎంచుకోవాలి.

ఇంకో రెండు విషయాలు గట్టిగా చెబుతాను. పత్రంలో ఏ శరీర భాగాలు రాశారో చూడండి. "కుడి మణికట్టు" అని మాత్రమే ఉంటే ఎడమ చేతి ఆపరేషన్‌కు వాళ్లు ఒప్పుకునే వాళ్లు కాదు. మా లాయర్ "రెండు మణికట్లు" అని పట్టుబట్టి రాయించారు. ఆ ఒక్క మాట నన్ను కాపాడింది. ఒక చెయ్యి నొప్పి పెడుతుందని మరో చేత్తో పని చేస్తాం, అది కూడా పాడవుతుంది. మెడ, భుజం కూడా అంతే. రిపోర్టులో లేని భాగం పత్రంలోకి రాదు కాబట్టి డాక్టరుకు మొదటి నుంచే అన్నీ చెప్పండి. మన వాళ్లు "ఇది చిన్నదేలే" అని దాచుకుంటారు. దాచవద్దు.

రెండోది ఐదేళ్ల గడువు. మీ పరిస్థితి దిగజారి శాతం పెరిగిందని కేసు తిరిగి తెరిపించుకునే హక్కు స్టిప్‌లో ఉంది, కానీ దెబ్బ తేదీ నుంచి ఐదేళ్లలోపే. సెటిల్మెంట్ తేదీ నుంచి కాదు. కేసు తేలడానికే మూడేళ్లు పట్టిందనుకోండి, మీకు మిగిలేది రెండేళ్లే. క్యుములేటివ్ ట్రామాలో దెబ్బ తేదీ అంటే ఈ నొప్పి వల్ల పనిచేయలేని స్థితి వచ్చి, అది పని వల్లే అని మీకు తెలిసిన లేదా తెలియాల్సిన రోజు. ఆ తేదీ పత్రంలో ఏమని రాశారో చూసి క్యాలెండరులో రాసుకోండి. వైద్యం హక్కుకు మాత్రం ఈ ఐదేళ్లతో పని లేదు.

సి అండ్ ఆర్ ఎవరికి మంచిది

నేను స్టిప్ తీసుకున్నానని అందరినీ అదే తీసుకోమనను. నాకు తెలిసిన ఒకాయన టెస్టింగ్‌లో పనిచేసేవారు, రెండు మోచేతులూ పాడయ్యాయి. కుటుంబంతో హైదరాబాదు తిరిగి వెళ్లిపోవడం ఖాయమైంది. ఆయనకు స్టిప్‌లోని జీవితకాల వైద్యం కాగితం మీద పులిహోరే, కడుపు నిండేది కాదు. ఇండియాలో ఫిజియోథెరపీ చేయించుకుని ఆ బిల్లు కాలిఫోర్నియా ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర వసూలు చేసుకోవాలంటే, ముందస్తు అనుమతి, నెట్‌వర్క్ డాక్టరు, రిపోర్టులు, ఇవన్నీ అక్కడి నుంచి నడపడం చాలా కష్టం. ఆయన సి అండ్ ఆర్ తీసుకుని వెళ్లారు. అక్కడి వైద్యం ఖర్చుకు ఆ డబ్బు సరిపోతోంది. సరైన పని చేశారు.

ఇంకెవరికంటే, క్లెయిమ్‌ను కంపెనీ పూర్తిగా కాదన్న వాళ్లకు. విచారణకు వెళ్తే గెలుస్తారో ఓడుతారో తెలియనప్పుడు కొంత ఖాయంగా రావడం మేలు కావచ్చు. చెయ్యి నిజంగా బాగుపడి, ఆ పని కూడా మానేసి, భవిష్యత్తు వైద్యం అంటే ఎప్పుడో ఒక డాక్టరు విజిటు మాత్రమే అని క్యూఎంఈ రాసిన వాళ్లకు కూడా. అప్పు మెడ మీద ఉండి వడ్డీ కడుతున్న వాళ్ల సంగతీ నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టను. ఆమోదం వచ్చాక మామూలుగా 30 రోజుల్లో డబ్బు వస్తుంది.

కానీ ఒక ప్రశ్న వేసుకోండి. రేపు చెయ్యి మళ్లీ నొప్పి పుడితే ఎవరు చూస్తారు? "నాకు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటారు. చాలా పాలసీలలో పని వల్ల వచ్చిన దెబ్బకు కవరేజీ ఉండదు. పాలసీ పుస్తకం తీసి ఆ భాగం చదివాకే సంతకం చేయండి. క్యూఎంఈ రిపోర్టులో "భవిష్యత్తు వైద్యం" అనే శీర్షిక కింద ఏముందో చూడండి. "మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు" అని ఉంటే, ఆ ఆపరేషన్, థెరపీ, నరాల పరీక్ష ఇక్కడ జేబు నుంచి కట్టాలంటే ఎంతవుతుందో మీ డాక్టరు ఆఫీసులో బిల్లింగ్ వాళ్లను అడగండి. బిల్లింగ్‌లో పనిచేసిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, అడిగితే అంచనా ఇస్తారు. ఆ అంకెను మీ లాయర్‌కు పంపండి. మొదటి ఆఫరే చివరి ఆఫర్ అని ఎక్కడా లేదు.

65 ఏళ్లకు దగ్గరైన వాళ్లు, లేదా మెడికేర్ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇప్పటికే ఉన్న వాళ్లు సి అండ్ ఆర్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ దెబ్బకు సంబంధించిన వైద్యానికి మెడికేర్ ముందుగా డబ్బు పెట్టదు, సెటిల్మెంట్‌లో కొంత భాగం దానికోసం పక్కన పెట్టాలి. మెడికేర్ ఉన్న వాళ్ల మొత్తం సెటిల్మెంట్ 25,000 డాలర్లు దాటితే, లేదా 30 నెలల్లో మెడికేర్ వచ్చే వాళ్లది 2,50,000 దాటితే, ఆ పక్కన పెట్టే మొత్తాన్ని కేంద్ర సంస్థ సమీక్షకు పంపవచ్చు. సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ తీసుకుంటున్న వాళ్లకు ఒకేసారి వచ్చిన డబ్బు వల్ల నెలవారీ మొత్తం తగ్గవచ్చు. ఆ సెటిల్మెంట్ డబ్బును జీవితకాలం మీద పంచి చూపే వాక్యం పత్రంలో రాయించాలి. దీనికి లాయర్ లేకుండా వెళ్లవద్దు. ఆదాయపు పన్ను మాత్రం రెండు దారుల్లోనూ లేదు.

హెచ్-1బీ వాళ్లు ఆగి చదవాల్సింది

సి అండ్ ఆర్‌తో పాటు మరో కాగితం తరచుగా వస్తుంది, రాజీనామా. "కేసు మూసేస్తున్నాం, ఉద్యోగం కూడా స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు సంతకం చేయండి" అంటారు. అది సి అండ్ ఆర్‌లో భాగం కాదు, విడి ఒప్పందం. చేయాలని చట్టం ఎక్కడా చెప్పదు. సిటిజన్‌కు అది ఒక ఉద్యోగం పోవడం. హెచ్-1బీ మీద ఉన్న మనిషికి ఆ రోజు నుంచి 60 రోజుల గడువు మొదలవుతుంది, ఐ-94లో ఉన్న, దేశంలో ఉండగలిగే గడువు అంతకుముందే అయిపోతే అంతకన్నా తక్కువ. ఈలోపు వేరే యజమాని పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. గ్రీన్ కార్డు దారిలో ఉంటే దానిమీదా ప్రభావం ఉంటుంది. వర్కర్స్ కాంప్ లాయర్‌కు ఇమిగ్రేషన్ తెలియకపోవచ్చు, ఆయన్ను అడిగి ఊరుకోవద్దు. సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. ఎన్ని డాలర్లు ఎక్కువ ఇచ్చినా, పిల్లల స్కూలు మధ్యలో ఉండగా ఇలాంటి టెన్షన్ కొనుక్కోవద్దని నా ఉద్దేశం. రాజీనామా అడగకుండా స్టిప్‌తో సరిపెట్టుకునే కంపెనీలూ ఉన్నాయి.

క్లెయిమ్ వేసినందుకు పని నుంచి తీసేయడం, వివక్ష చూపడం లేబర్ కోడ్ 132ఎ ప్రకారం నిషిద్ధం. అలా జరిగితే ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి.

కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసే వాళ్లు నన్ను తరచూ అడిగేది, ఎవరి మీద వేయాలి అని. జీతం ఎవరి పేరున వస్తుందో వాళ్లకు ఫారం ఇచ్చి మొదలుపెట్టండి, మిగతాది లాయర్ చూస్తారు. మూడు నాలుగు ఉద్యోగాలు మారి ఉన్నా కంగారు లేదు. క్యుములేటివ్ ట్రామాలో బాధ్యత మామూలుగా ఆ హానికరమైన పని చేసిన చివరి ఏడాదిలోని యజమానులదే.

ఏ దారైనా పోనివ్వకూడనివి

వైకల్యం ఉందని తేలి, పాత పని గానీ తగిన వేరే పని గానీ యజమాని గడువులోపు ఇవ్వకపోతే 6,000 డాలర్ల రీట్రైనింగ్ వోచర్ వస్తుంది. కొత్త కోర్సు, కంప్యూటర్, లైసెన్సు ఫీజు లాంటి వాటికి వాడుకోవచ్చు. మామూలు సి అండ్ ఆర్‌లో దాన్ని డబ్బు కింద మార్చి మూసేయడానికి వీల్లేదు. వోచర్ వచ్చిన వాళ్లు రాష్ట్రం ఇచ్చే రిటర్న్-టు-వర్క్ సప్లిమెంట్‌కు ఏడాదిలోపు విడిగా దరఖాస్తు చేస్తే 5,000 డాలర్లు వస్తాయి. ఇది ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది కాదు, అందుకని అడ్జస్టర్ గుర్తు చేస్తారని ఎదురు చూడవద్దు. నాకు తెలిసిన వంటమనిషి ఒకావిడ ఈ రెండింటితో కోర్సు చేసి ఇప్పుడు ఒక డెంటల్ ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటోంది. మళ్లీ గరిటె పట్టే పని లేదు.

పనికి వెళ్లలేని రోజులకు వచ్చే డబ్బు వేరు. జీతంలో మూడింట రెండు వంతులు, దానికీ ఒక పైపరిమితి ఉంది. ఐదేళ్లలో మొత్తం 104 వారాలకు మించదు. మీకు రావలసిన వారాలన్నీ వచ్చాయో లేదో సెటిల్మెంట్‌కు ముందే లెక్కపెట్టుకోండి. సి అండ్ ఆర్‌లో ఆ బాకీ కూడా కలిసి మూసుకుపోతుంది.

లాయర్ లేని వాళ్లు డివిజన్ ఆఫ్ వర్కర్స్ కాంపెన్సేషన్‌లో ఇన్ఫర్మేషన్ అండ్ అసిస్టెన్స్ ఆఫీసర్‌ను కలవవచ్చు, ఉచితం. శాన్ హోసే, ఓక్లాండ్, శాక్రమెంటో, లాస్ ఏంజెలిస్‌లో జిల్లా ఆఫీసులు ఉన్నాయి. ఫారం తీసుకెళ్లి ఒక్కో పేరా అడగండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలిసిన వాళ్లను వెంట తీసుకెళ్లండి, మీ పదో తరగతి పిల్లను మాత్రం అనువాదానికి కూర్చోబెట్టవద్దు. విచారణలకూ, క్యూఎంఈ పరీక్షకూ దుబాసీని అడిగే హక్కు మీకుంది. తెలుగు అని స్పష్టంగా, ముందుగానే రాసి అడగండి. "ఇండియన్" అని ఊరుకుంటే హిందీ వచ్చిన వాళ్లను పంపిస్తారు.

సంతకం పెట్టేటప్పుడు నేను చూసుకున్నవి వరుసగా ఇవి: దెబ్బ తేదీ, శరీర భాగాలు, శాతం, అప్పటికే ఇచ్చిన అడ్వాన్సు, లాయర్ ఫీజు, లీను ఎవరు తీర్చాలి, భవిష్యత్తు వైద్యం దగ్గర అవును అని ఉందా కాదు అని ఉందా. మొదటి డ్రాఫ్టులో నా దెబ్బ తేదీ ఏడాది వెనక్కి తప్పుగా పడింది. దిద్దించాకే సంతకం చేశాను, కుడి చేత్తోనే, మెల్లగా.